వట్టి చేతులతో మరలిన కవి

కరుణశ్రీగా ఆంధ్రదేశమున ప్రసిద్ధి కెక్కిన జంధ్యాల పాపయ్యశాస్త్రిగారు 1912వ సంవత్సరమున గుంటూరు జిల్లా కొమ్మూరు గ్రామమున జన్మించిరి. సంస్కృతాంధ్రములను శ్రద్ధతో అభ్యసించి, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చిరకాలము తెలుగు ఉపన్యాసకులుగా పనిచేసిరి. బుద్ధ భగవానుని చరిత్రమును కరుణశ్రీ అను కావ్యముగా రచించిరి. ఆ పేరే వారికి బిరుదై నిలిచినది. 1992లో గుంటూరున కీర్తిశేషులైరి.

ఉదయశ్రీలోని పుష్పవిలాపము వారి ఖండికలలో మిక్కిలి పేరెన్నిక గన్నది. కవి దైవపూజకై పూలు కోయ తోటకు పోవును. చేయి సాచినంతనే పూలు జాలిగా వాపోవును. కొమ్మపై నున్నంతకాలము తాము గాలికి పరిమళమును, తుమ్మెదలకు తేనెను పంచుచుండగా, మనుష్యుడు తమను సూదితో గ్రుచ్చి, వాడినంతనే పారవేయునని నిందించును. కవి కోయలేక వట్టి చేతులతో దేవుని సన్నిధికి మరలును.

హనుమాన్ జంక్షన్‌కు దక్షిణముగా గుడివాడ ప్రాంతమున, చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు ఈ పద్యములను గానము చేసిరి. గ్రామఫోను రికార్డుల వలన అవి పండిత పామర భేదము లేక తెలుగువారి కంఠముల నిలిచినవి.

పూవునకు నిజముగా బాధ కలదా? జగదీశచంద్ర బోసు (1858–1937) మొక్కలు గాయమునకును మత్తుమందునకును స్పందించునని యంత్రములతో చూపిరి. అయినను స్పందన వేరు, వేదన వేరు. నరములును మెదడును లేని మొక్కకు నొప్పి తెలియదనియే నేటి శాస్త్రజ్ఞులలో పెక్కుమంది అభిప్రాయము. కరుణశ్రీ శాస్త్రవాదమునకు పూనుకొనలేదు. పరుల బాధ తెలియరానిచోట చేయి ఎట్లు తడబడవలెనో మాత్రము చూపిరి.

సంశయము అన్ని ప్రాణుల యెడ ఒక్కటి కాదు. గుడివాడ దాటి కైకలూరు వైపు సాగిన కొలది వరిచేల నడుమ చేపల చెరువులు, రొయ్యల చెరువులు కానవచ్చును. చేపకు నొప్పి కలదనుటకు గట్టి ఆధారములు లభించినవి. 2022లో బ్రిటన్ దేశము రొయ్యలను, పీతలను సైతము బాధ నెరుగు ప్రాణులుగా చట్టమున చేర్చినది. పూవు విషయమున తడబడిన చేయి ఇచ్చట మరింత తడబడవలదా? శాకాహారమును నియమముగా పాటించు కుటుంబము తన పొలమును చెరువునకు కౌలు కిచ్చునపుడు ఈ ప్రశ్న గడప లోపలికే వచ్చును. కౌలు సొమ్ము చిన్నది కాదు. కావుననే ప్రశ్నయు చిన్నది కాదు.

ధర్మమునకు దయయే మూలమని బసవేశ్వరుడు బోధించెను. సంపూర్ణముగా తెలిసిన పిదపనే దయ చూపుదుమన్న, అది ఎన్నటికిని మొదలు కాదు. పొరబడి దయ చూపినచో నష్టము మనది. పొరబడి కాఠిన్యము చూపినచో వేదన నోరులేని ప్రాణిది. ఇష్టలింగార్చనకు పత్రిని కోయు చేయి కావలసినంతకే ఆగుట ఈ వివేకమునకు తొలిమెట్టు.