సత్యవేద పరిశోధకుడు భక్త అగస్టీను

మన పాఠశాల వక్తృత్వ సభలో ఒకనాడు పైతరగతి విద్యార్థి యొకడు లేచి, యోసేపు తండ్రి పేరు మత్తయి సువార్తలో యాకోబనియు, లూకా సువార్తలో హేలీ యనియు ఉన్నది గదా, వీనిలో ఏది నిజమని యడిగెను. కొందరు నవ్విరి. కొందరు అట్టి ప్రశ్న వినుటయే పాపమని తలలు వంచుకొనిరి. ఆ బాలుడు నేరము చేసినవానివలె కూర్చుండెను. అప్పుడు నాకు, పదునారువందల యేండ్లకు పూర్వము ఇట్టి ప్రశ్నల మూలముననే సత్యవేదమును మూసివేసి, తుదకు దానినే తెరచి లోకమునకు బోధించిన యొక మహనీయుడు జ్ఞప్తికి వచ్చెను. ఆయన చరిత్రమును చదువరులకు సంగ్రహముగా విన్నవించెదను.

అగస్టీను క్రీ. శ. 354వ సంవత్సరము నవంబరు 13వ తేదీని ఉత్తరాఫ్రికాలోని తగస్తే యను చిన్న పట్టణమున జన్మించెను. అది నేటి అల్జీరియా దేశములో నున్నది. తల్లి మోనికా భక్తురాలు. తండ్రి పత్రీకియు చిరకాలము క్రైస్తవుడు కాడు. ఆయన ధనవంతుడును కాడు. అయినను కుమారుని చదువునకై శక్తికి మించి వ్యయపడెను. ఒక యేడు ధనము చాలక బాలుడు చదువు మాని యింట నుండవలసి వచ్చెను. ఉపాధ్యాయుల దెబ్బలకు వెరచి అగస్టీను గ్రీకుభాషను ద్వేషించెను. ఆ లోపము జీవితాంతము ఆయనను బాధించెను. ఉపాధ్యాయులమగు మేము ఈ సంగతిని మరువరాదు.

పందొమ్మిదవ యేట కార్తేజి నగరమున చదువుచుండగా కికెరో గ్రంథమొకటి చదివి జ్ఞానముపై మిక్కిలి యాశ గొనెను. వెంటనే సత్యవేదమును తెరచెను గాని, కికెరో శైలికి అలవాటుపడిన ఆ యువకునికి దాని లాటిను భాష మోటుగా తోచెను. ఆ సమయముననే మానీమతస్థులు ఆయనకు తారసపడిరి. మూడవ శతాబ్దమున పారసీక రాజ్యమున బోధించిన మానీ యనువాడు ఆ మతమునకు కర్త. పాత నిబంధనకును క్రొత్త నిబంధనకును పొత్తు లేదనియు, సువార్తలలోని వంశావళులు ఒకదానితో నొకటి సరిపడవనియు వారు వాదించెడివారు. తమకు ప్రతికూలమగు వాక్యము కనబడినచో, అది తరువాతివారెవరో చేర్చినదని చెప్పెడివారు. చేర్పులు లేని నిర్మలమైన ప్రతి యెక్కడ నున్నదని యడిగినచో చూపలేకపోయెడివారు. అగస్టీను ఇది గమనించియు, వాదమున గెలుచు సుఖమునకు లోబడి యించుమించు తొమ్మిది సంవత్సరములు వారితో నుండెను.

ఆయన సందేహములన్నిటిని ఫౌస్తు అను తమ పండితుడు తీర్చునని వారు చెప్పుచు వచ్చిరి. ఆ ఫౌస్తు కార్తేజికి వచ్చినప్పుడు, మాట మధురమే గాని విద్య స్వల్పమని తేలెను. అయినను తనకు తెలియని దానిని తెలియదని యొప్పుకొన్న ఫౌస్తు వినయమును అగస్టీను మెచ్చుకొనెను. 383లో రోమునకును, 384లో మిలాను నగరమునకును పోయి అలంకారశాస్త్రము బోధించెను. మిలానులో బిషపగు అంబ్రోసు ప్రసంగములు వినుటచే, తాను హేళన చేసిన పాత నిబంధన కథలకు లోతైన యర్థము కలదని గ్రహించెను. 386లో ఆయన హృదయము మారెను. 387 ఈస్టరు పండుగనాడు బాప్తిస్మము పొందెను. అదే సంవత్సరము, ఏండ్లతరబడి కన్నీటితో ప్రార్థించిన తల్లి సంతోషముతో కన్ను మూసెను.

స్వదేశమునకు మరలిన పిమ్మట 391లో హిప్పో పట్టణమున గురువుగా అభిషిక్తుడై, కొలది సంవత్సరములకే బిషపాయెను. 392 ఆగస్టు 28, 29 తేదీలలో, తన పూర్వపరిచితుడును మానీమత బోధకుడునగు ఫోర్తునాతుతో ఆ పట్టణమున బహిరంగముగా వాదించెను. లేఖకులు ప్రతిమాటను వ్రాసికొనిరి. రెండవనాడు ఫోర్తునాతు ఉత్తరము చెప్పలేక ఊరు విడిచిపోయెను. కాని గెలుపుతో అగస్టీను తృప్తినొందలేదు. సుమారు 400వ సంవత్సరమున నాలుగు సువార్తల పొందికను గూర్చి నాలుగు భాగముల గ్రంథమును, ఆ కాలముననే ఫౌస్తునకు ప్రత్యుత్తరముగా 33 భాగముల గ్రంథమును రచించెను. ఒకే సంగతిని చూచిన నలుగురు దానిని వేరువేరు మాటలతో, వేరువేరు వరుసలో జ్ఞాపకము చేసికొనవచ్చును. మాట భేదించినంత మాత్రమున సత్యము భేదింపదని ఆయన వాదసారము. యోసేపునకు కన్నతండ్రి యొకడు, దత్తతండ్రి యొకడు ఉండవచ్చునని చెప్పెను. దత్తత నెరిగిన మన దేశస్థులకు ఇది సులభముగా బోధపడును.

405లో హిరోనిమను పండితునికి వ్రాసిన లేఖలో ఆయన ఒక నియమమును తెలిపెను. లేఖనములలో సత్యమునకు విరుద్ధమైనది కనబడినచో వ్రాతప్రతి తప్పై యుండవచ్చును, భాషాంతరము చేసినవాడు పొరబడి యుండవచ్చును, లేదా తనకే యర్థము కాకుండ నుండవచ్చును. తాటియాకు ప్రతులలో అక్షరములు జారిపోవుట నెరిగిన తెలుగువారికి ఇది వింత కాదు. భాషాంతర విషయమున ఒక సంగతి ముచ్చటైనది. యోనాకు నీడనిచ్చిన చెట్టును మనము సొరచెట్టని చదువుచున్నాము. హిరోనిము దానిని వేరు తీగగా మార్చి లాటినులో వ్రాయగా, ఆఫ్రికాలోని యొక సంఘమున ప్రజలు అలజడి చేసిరి. ఆ వార్తను హిరోనిమునకు తెలిపినవాడు అగస్టీనే.

అయితే ఈ నియమమును ఆయన తప్పించుకొను దారిగా చేసికొనలేదు. ముప్పది వెండి నాణెములను గూర్చిన ప్రవచనము జెకర్యా గ్రంథములోని మాటలను పోలియుండగా, మత్తయి దానిని యిర్మీయా పేర చెప్పెను. కొన్ని ప్రతులలో ఆ పేరు లేదు. ప్రతి తప్పని చెప్పినచో చిక్కు తీరిపోవును. కాని ఎక్కువ ప్రతులలో పేరున్నది గనుక ఆ సులభోపాయముతో తాను తృప్తిపడజాలనని ఆయన వ్రాసెను. పిమ్మట ఆయన చెప్పిన సమాధానము అందరికి నచ్చకపోవచ్చును. ఆయన నిజాయితీ మాత్రము అందరికి నచ్చవలసినదే.

వృద్ధాప్యమున, సుమారు 427లో, తన గ్రంథములన్నిటిని తిరిగి చదివి తప్పులను తానే బయటపెట్టెను. యోసేపు దత్తతను గూర్చి తాను వ్రాసినది చాలలేదనియు, సంతానము లేక చనిపోయిన సహోదరుని భార్యను పెండ్లాడి, పుట్టిన బిడ్డను మృతుని పేర నిలుపు యూదుల ధర్మమును చెప్పవలసి యుండెననియు ఒప్పుకొనెను. బిషపైన పిదప ఒక ప్రసంగములో, యౌవనమున తాను వెదకుటకు గాక జగడమాడుటకు లేఖనములయొద్దకు వచ్చి, తన తలుపు తానే మూసికొంటినని ప్రజలయెదుట చెప్పుకొనెను. వాండలులను జాతివారు హిప్పోను ముట్టడించుచుండగా, పశ్చాత్తాప కీర్తనలను గోడకు తగిలింపజేసి చదువుకొనుచు, 430 ఆగస్టు 28వ తేదీని పరమపదించెను.

సభ ముగిసిన పిదప నేను ఆ బాలుని పిలిచి, రెండు వంశావళులను ప్రక్కప్రక్కన రెండు వరుసలుగా వ్రాయుమంటిని. దావీదు వరకు పేర్లు చాలవరకు కలిసి, అటుపిమ్మట ఒకటి సొలొమోను వంకకు, ఒకటి నాతాను వంకకు చీలుటను ఆతడే కనిపెట్టెను. ఆతని ప్రశ్న తీరలేదు గాని పెద్దదాయెను. ముఖమున సిగ్గు మాత్రము పోయెను. విద్యార్థులారా, అడుగుడు, గాని వెదకుటకై అడుగుడు. తలిదండ్రులారా, అడిగిన బిడ్డను గద్దింపకుడు. నవ్వుటవలనను గద్దించుటవలనను మూతపడు తలుపు, ఓపికతో కలిసి చదువుటవలన తెరువబడును.