కూడు కోసం కొయ్యపని, ప్రాణం బొమ్మల మీద

సూర్యాపేట: బొమ్మలు వేస్తే కూడు దొరుకుతుందా అని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో తల్లిదండ్రులు పిల్లలను అడగడం మామూలే. చిత్రకారుడు కీ.శే. పి.టి.రెడ్డికీ ఈ చిక్కు తప్పలేదు.

పూర్తి పేరు పాకాల తిరుమలరెడ్డి. 1915లో కరీంనగర్ జిల్లాలోని ఓ పల్లెలో జన్మించారు. బొంబాయి జె.జె. కళాశాలలో చిత్రకళ అభ్యసించి, 1939లో డిప్లొమా పొందారు. 1941లో మరి నలుగురు మిత్రులతో కలిసి కొత్త పద్ధతి చిత్రాలను బొంబాయిలో ప్రదర్శించారు. పేరుమోసిన హుసేన్, సూజాల బృందం ఏర్పడింది ఆరేళ్ల తరువాతే.

1947లో యశోదారెడ్డి గారిని వివాహమాడి హైదరాబాద్ చేరారు. సంసారం గడవాలి గనుక ఫర్నిచర్ తయారీ చేపట్టారు. కొంతకాలం కుంచె పక్కన పెట్టక తప్పలేదు. తరువాత మళ్లీ పట్టి, చివరిదాకా వదలలేదు. రంగుల చిత్రాలే గాక శిల్పాలు చెక్కారు, అచ్చు చిత్రాలు తీశారు. లోహపు రేకుపై సూదితో గీసి, ఆసిడ్‌తో గీత లోతు చేసి, సిరా అద్ది కాగితంపై వత్తే పని అది. ఒక్క రేకుతో అనేక ప్రతులు తీయవచ్చు.

యశోదారెడ్డి గారు ఉస్మానియాలో తెలుగు ఆచార్యులుగా పనిచేశారు. తెలంగాణ పలుకుబడిలో కథలు రాశారు. నారాయణగూడలోని ఈ దంపతుల ఇల్లు 'సుధర్మ' చిత్రశాలగా మారింది. పి.టి.రెడ్డి 1996లో కన్నుమూశారు. కూడు పెట్టింది కొయ్యపని, పేరు నిలిపింది బొమ్మలు.