డోర్నకల్ బిషప్ అజరయ్య

కాజీపేట నుంచి బెజవాడ వెళ్ళే రైలెక్కిన వారందరికీ డోర్నకల్ జంక్షన్ తెలుసు. అక్కడ దిగి ఊళ్ళోకి వెళితే మసీదును తలపించే గుమ్మటాలు, గుడి మండపంలాంటి స్తంభాలు ఉన్న చర్చి ఒకటి కనబడుతుంది. దాన్ని కట్టించిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు పుట్టుకతో తెలుగువారు కారు.

1874 ఆగస్టు 17న తమిళనాట తిరునెల్వేలి ప్రాంతంలో, ఒక పల్లెటూరి పాస్టరుగారింట పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, వై.ఎం.సి.ఎ.లో పనిచేశారు. 1903లో మనవాళ్ళ డబ్బుతో, మనవాళ్ళే నడిపే మిషనరీ సంఘాన్ని తిరునెల్వేలిలో స్థాపించారు. ఇతరులను పంపి ఊరుకోలేదు. 1909లో గురువుగా అభిషేకం పొంది, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు తానే కాపురం మార్చారు. ముప్ఫై అయిదేళ్ళ వయసులో పరాయి భాష అయిన తెలుగు నేర్చుకున్నారు.

1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. తెల్లదొరలు భారతీయులకు సొమ్మూ సేవా ఇస్తున్నారు కానీ, సాటి మనుషులుగా పక్కన కూర్చోబెట్టుకోవడం లేదని అజరయ్యగారు ఆ సభలోనే చెప్పారు. తమకు కావలసింది స్నేహమని అడిగారు. చాలామందికి అది రుచించలేదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా ఆయనకు అభిషేకం జరిగింది. నల్లవాడి కింద తెల్లవారు పనిచేయడమా అన్న అభ్యంతరాలను దాటుకునే జరిగింది. అదే ఏడాది, నేడు మన తెలుగువాళ్ళు ఇళ్ళు కొనుక్కుంటున్న ఈ కమ్మింగ్ చుట్టుపక్కల, ఫోర్సైత్ కౌంటీ నుంచి వెయ్యిమందికి పైగా నల్లజాతివారిని బెదిరించి తరిమేశారు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ రోజుల్లో ఆయన ఎక్కిన మెట్టు ఎంత ఎత్తో తెలుస్తుంది.

ఆయన చుట్టూ చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ పేదలు. ఎడ్లబండి మీద ఊరూరా తిరిగారు. బడులు పెట్టారు, ఆరాధనలో మన బాణీ పాటలను ప్రోత్సహించారు. మతమార్పిడి విషయంలో గాంధీగారితో విభేదించారు. అయినా క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు.

1939 జనవరి 6న ఆ చర్చిని ప్రతిష్ఠించారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఇంగ్లండు చర్చి ఏటా జనవరి 2న ఆయనను స్మరించుకుంటుంది.

ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు వీలుంటే డోర్నకల్‌లో ఒక పూట ఆగండి. వలస వచ్చిన ఊరిని సొంత ఊరు చేసుకోవడం ఎలాగో ఆ చర్చి స్తంభాలే చెబుతాయి.