దీపాలదిన్నెకు అక్షరాలా రూపమిచ్చిన మెకంజీ

అమరావతి: కృష్ణానది దక్షిణ తీరాన, ధరణికోట చెంతనున్న మట్టిదిబ్బను పూర్వం జనం దీపాలదిన్నె అని పిలిచేవారు. పేరు తప్ప దాని పూర్వోత్తరాలు ఎవరికీ తెలియవు. 18వ శతాబ్ది చివర చింతపల్లి నుంచి అమరావతికి రాజధానిని మార్చిన రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణానికి ఇటుకలు, రాళ్ల కోసం దిబ్బను తవ్వించగా శిల్పఫలకాలు వెలుగుచూశాయి. ఆ సంగతి తెలిసి 1798లో అక్కడికి వచ్చినవాడే కాలిన్ మెకంజీ.

స్కాట్లాండ్‌లోని లూయిస్ ద్వీపంలో 1754లో జన్మించిన మెకంజీ 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యోద్యోగిగా మద్రాసు చేరారు. కోటలు కొలవడం, దారులు గీయడం ఆయన ఉద్యోగం. అయితే కొలతగొలుసుతో తిరిగిన ప్రతిచోటా పాడుబడిన గుడి, మాటుమణిగిన కోట, చదవలేని శాసనం ఆయనను నిలిపివేసేవి. 1794లో శ్రీశైలం దర్శించారు. 1799లో జనసంచారం లేని హంపి శిథిలాలకు పటం గీయించారు. దేశభాషలు ఆయనకు రావు. ఆ లోటును ఏలూరుకు చెందిన కావలి సోదరులు తీర్చారు. బొర్రయ్య 1803లో అకాలమరణం చెందగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యతను చేపట్టారు. ఊరూరా సేకరించిన కైఫీయతులు వారి శ్రమఫలమే.

మైసూరు సర్వే, జావా దండయాత్ర ముగిసి 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్‌గా నియమితులైన మెకంజీ, మరుసటి ఏడాది అమరావతికి తిరిగివచ్చారు. పద్దెనిమిదేళ్లలో దిబ్బ గుర్తుపట్టలేని స్థితికి చేరింది. నడుమ భాగం తవ్వి కోనేరుగా మార్చారు. శిల్పాలు కొన్ని కట్టడాల్లో కలిసిపోయాయి, కొన్ని సున్నానికి బలయ్యాయి.

మిగిలినవాటినైనా కాగితంపైకి ఎక్కించాలని ఆయన నిశ్చయించారు. జాన్ న్యూమన్, మురుగేశ మొదలియార్ తదితర చిత్రకారులు కొన్నేళ్లపాటు ఒక్కొక్క ఫలకాన్నీ కొలిచి గీశారు. పద్మపు రేకులు, ఏనుగుల తొండాలు, పూలదండలు మోసే మనుషులు సరే, విరిగిన అంచులు, పగుళ్లు కూడా ఉన్నవి ఉన్నట్లే కనిపిస్తాయి. లేని భాగాన్ని ఊహించి పూరించే ప్రయత్నం చేయలేదు. చిత్రకళలో ఇది చిన్న విషయంగా తోచవచ్చు కానీ, చరిత్రకు ఇదే ఆధారమైంది. వాటిలో అనేక ఫలకాలు ఇప్పుడెక్కడా లేవు, ఆ గీతల్లోనే ఉన్నాయి.

చిత్రమేమంటే, తాను గీయించినది బౌద్ధస్తూపమని మెకంజీకి తెలియదు. జైనుల కట్టడమని భావించారు. ఆయన పొరబడినా, చిత్రాలు పొరబడలేదు. 1868లో జేమ్స్ ఫెర్గుసన్ ఆ స్తూపంపై గ్రంథం వెలువరించినప్పుడు వాటినే ఆశ్రయించారు.

మెకంజీ 1821 మే 8న కలకత్తా సమీపంలో మరణించారు. ఆయన సేకరణను కంపెనీ లక్ష రూపాయలకు భార్య నుంచి కొనుగోలు చేసింది. ఆ కృషిని కొనసాగించే అవకాశం కోరిన లక్ష్మయ్యకు మాత్రం అనుమతి లభించలేదు. అమరావతి చిత్రాల సంపుటి ప్రస్తుతం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.