క్లౌ దొరగారి జీవితము

డాక్టరు జాన్ ఎవరెట్ క్లౌ గారు 1836వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమందు జన్మించిరి. యౌవనమున భూములు కొలుచు సర్వే పని నేర్చిరి. ఆ పనియే తరువాత మన సీమలోని పేదలకు అన్నము పెట్టుటకు అక్కరకు వచ్చెను.

బాప్టిస్టు మిషను పక్షమున 1865లో మన దేశమునకు వచ్చి, మరుసటి యేట, ఆనాడు నెల్లూరు జిల్లాలోనున్న ఒంగోలు చేరిరి. 1867 జనవరి 1వ తేదీన అచ్చట ఎనిమిది మందితో సంఘము ఏర్పడెను. తోళ్ళ వర్తకులగు యెర్రగుంట్ల పేరయ్యగారు ఊరూర తిరిగి మాదిగవాడలలో బోధించుటచే సంఘము పెరుగజొచ్చెను. ఇది గిట్టక పైకులములవారు తమ పిల్లలను మిషను బడి మాన్పించిరి. అయినను దొరగారు తమ కడకు వచ్చిన పేదలను త్రోసివేయలేదు.

1876లో వానలు తప్పి, ధాత కరువు వచ్చిపడెను. ఆ కాలమున ప్రభుత్వము బకింగుహాము కాలువను త్రవ్వించుచుండెను. దొరగారు అందు మూడున్నర మైళ్ళ పనిని కంట్రాక్టుకు పుచ్చుకొని, ఆకలిగొని వచ్చినవారికి కూలి కల్పించిరి. బోధకులే మేస్త్రీలైరి.

అప్పుడు బాప్తిస్మము కోరి అనేకులు వచ్చిరి. గంజికై మతము పుచ్చుకొనిరను మాట రాకూడదని దొరగారు సుమారు పదునైదు నెలలు ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. 1878లో, ఇక ధనసహాయము లేదని తెలిపిన పిమ్మటను జనులు వచ్చుట మానలేదు. జూలై 3వ తేదీన వెల్లంపల్లి కడ గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చిన ఆరుగురును తెలుగు బోధకులే. దొరగారు గట్టుననుండి పర్యవేక్షించిరి. జూను నడిమి నుండి ఆ సంవత్సరాంతమునకు ఈ సంఖ్య 9,606 ఆయెను.

కరువు లేకున్న ఇందరు వచ్చెడివారా యను ప్రశ్న ఆనాడే పుట్టెను. మనసుల లోతు ఎవరు కొలువగలరు? కాని ఆ పదునైదు నెలల నిరీక్షణ దొరగారి నిజాయితీకి సాక్ష్యము. ఆకలితోనున్నవానికి ముందు పని చూపి కూలి ఇచ్చిరి. మతమును దానికి వెలగా అడుగలేదు.

దొరగారు 1910 నవంబరు 24వ తేదీన అమెరికాలో దివంగతులైరి. వారి ఆత్మకథ 1914లో వెలువడెను. ఒంగోలులోని మిషను వైద్యశాలకు వారి పేరు పెట్టబడెను. ఉపకారము చేయువాడు ఉపకారము పొందినవాని మనసును కొనరాదు. ఏ మతస్థులమైనను, వారి జీవితమునుండి మనము గ్రహింపదగిన నీతి ఇదియే.