గమ్హరియా నుండి గిరిగారి జాడలలో

గమ్హరియా స్టేషనులో తూర్పుదిక్కుగా పోవు రైలెక్కినచో టాటానగరము మీదుగా ఖరగ్‌పూరు చేరుదుము. పండుగలకు, పెండ్లిండ్లకు స్వస్థలము పోవు తొందరలో ఆ స్టేషనును మనము బండి మారు చోటుగా మాత్రమే ఎరుగుదుము. సెలవులలో మన పిల్లలను వెంటబెట్టుకొని, విషయమెరిగిన పెద్ద ఒకరు వివరించుచుండగా, ఒక తెలుగు రాజనీతిజ్ఞుని జీవితము వెంబడి యాత్ర చేయదలచినచో ఈ దారియే మిక్కిలి అనువైనది. పూర్వమిది బెంగాల్ నాగపూర్ రైల్వే వారిది; 1955లో ఆగ్నేయ రైల్వేలో చేరినది. ఆ మహనీయుడు శ్రీ వరాహగిరి వేంకటగిరిగారు.

జన్మస్థలముతో ఆరంభించుట ఆచారమేగాని, మన దారికి ముందుగా తగులునది ఖరగ్‌పూరు. కావున కథను నడుమనుండియే యెత్తుకొందము. అచ్చటి రైల్వే కర్మాగారములలో పొట్టకూటికై వచ్చిన తెలుగువారు వేలకొలది యుండిరి. 1927లో కంపెనీవారు పనివారిని తగ్గింపబూనిరి. వృత్తిచేత న్యాయవాదియైన గిరిగారు కార్మికసంఘ నాయకత్వము వహించి సమ్మె నడపిరి. ఆకలి ఇంట చొరబడినపుడు శాంతముగా నుండుట యెంత కష్టమో కూలివాని భార్య నడిగిన చెప్పును. అయినను ఆ పోరాటము అహింసామార్గము తప్పలేదు. కంపెనీవారు తుదకు కొంత దిగిరాక తప్పలేదు.

అచ్చటినుండి దక్షిణముగా బరంపురము. 1894 ఆగస్టు 10వ తేదీన గిరిగారు జన్మించినది ఇచ్చటనే. తండ్రి జోగయ్య పంతులుగారు పేరొందిన న్యాయవాది. ఆనాడది మదరాసు రాజధానిలోని గంజాము జిల్లా. 1936లో ఒరిస్సాలో చేరినది. 1913లో న్యాయశాస్త్రము చదువుటకు డబ్లిను నగరమునకు పోయిన యువకుడు ఐర్లండు స్వాతంత్ర్యోద్యమముచే ఆకర్షింపబడెను. 1916లో అచ్చట తిరుగుబాటు చెలరేగిన పిమ్మట ప్రభుత్వము అతనిని దేశము విడిచి పొమ్మనెను. పట్టాతోపాటు తిరుగుబాటును గూడ చదువుకొని వచ్చెనని మన పెద్ద పిల్లలకు చెప్పవచ్చును.

విజయనగరములో రాయపూరు శాఖకు మారినచో బొబ్బిలి వచ్చును. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజావారిని ఓడించి గిరిగారు రాజాజీ మంత్రివర్గములో చేరిరి. అదే దారిలో కొంత ముందునకు పోయిన పార్వతీపురము. 1957లో అచ్చట లోకసభకు నిలిచి ఓడిపోయిరి. గెలుపును చూపి ఓటమిని దాటవేయుట మార్గదర్శికి తగదు. రెండు స్టేషనులలోను దిగవలెను.

ఈ రెండింటి నడుమ, సింహళములో హైకమిషనరు పదవి ముగిసిన తరువాత, 1952లో ఆయన కేంద్ర కార్మికమంత్రి యైరి. ప్రభుత్వోద్యోగులమైన మనము గుర్తుంచుకొనవలసిన ఘట్టమిది. బ్యాంకు ఉద్యోగుల జీతములపై అప్పీలు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును మంత్రివర్గము తగ్గించి సవరించెను. 1954లో గిరిగారు రాజీనామా చేసిరి. యజమానులు, కార్మికులు ఎదురెదురుగా కూర్చుండి తగవు తీర్చుకొనవలెనని ఆయన మతము. కాని తీర్పు వెలువడిన పిదప బలవంతుడు దానిని మార్చుట ఆయనకు సరిపడలేదు.

ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరు పదవులను, ఉపరాష్ట్రపతిత్వమును నేను త్వరగా దాటుచున్నాను. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి, రెండవ ప్రాధాన్యపు ఓట్ల లెక్కింపుతో, మరియొక తెలుగువాడైన నీలం సంజీవరెడ్డిగారిపై గెలిచి రాష్ట్రపతి యైరి.

తిరుగుప్రయాణములో బండి మరల ఖరగ్‌పూరులో ఆగును. 1974 మే 8 నుండి 27 వరకు దేశమంతట రైల్వే సమ్మె జరిగినది. వేలమందిని నిర్బంధించి ప్రభుత్వము దానిని అణచివేసెను. ఆనాటి రాష్ట్రపతి, ఈ ఊరిలో సమ్మె నడపిన గిరిగారే. రాష్ట్రపతి మంత్రిమండలి సలహాననుసరింపవలసినవాడని రాజ్యాంగము నెరిగినవారు చెప్పుదురు. అది నిజమే. అయినను, 1954లో రాజీనామా చేసిన చేయి 1974లో ఏల కదలలేదని పదునారేండ్ల పిల్లవాడు అడుగక మానడు. అడిగినచో మార్గదర్శి కసరుకొనరాదు. 1975లో భారతరత్న లభించిన సంగతియు, 1980 జూన్ 24న మదరాసులో ఆయన కన్నుమూసిన సంగతియు, నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టిన సంగతియు ఆ తరువాత చెప్పవచ్చును. గమ్హరియా చేరుటకు ఇంకను చాలినంత వేళ యుండును.