బొమ్మ మీదే పేర్లు రాసిన పుస్తకం

మోకాలి నొప్పితో ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్తే ముందు వేళ్లతో తడిమి చూస్తారు. కండరం ఏ ఎముక దగ్గర మొదలవుతుంది, ఎక్కడ అతుక్కుంటుంది, దాన్ని కదిలించే నాడి ఏది... ఇవన్నీ తెలియకపోతే ఏ వ్యాయామం చెప్పాలో తెలియదు. అందుకే ఈ చదువులో అనాటమీతోనే తొలి అడుగు. అనాటమీ అనగానే గుర్తొచ్చే పుస్తకం ‘గ్రేస్ అనాటమీ’. దాన్ని రాసిన హెన్రీ గ్రే బతికింది 34 ఏళ్లే!

గ్రే 1827లో పుట్టారు. తండ్రి రాజుగారి కొలువులో వార్తాహరుడు. 1845లో లండన్ సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో వైద్య విద్యార్థిగా చేరారు. శవాన్ని స్వయంగా కోసి, ఓపిగ్గా చూసి నేర్చుకునేవారు. 25 ఏళ్లకే రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు. ప్లీహం మీద పరిశోధనకు 1853లో బహుమతి అందుకున్నారు.

విద్యార్థులకు అందుబాటు ధరలో మంచి పుస్తకం ఉండాలన్నది ఆయన కోరిక. 1855లో ఆ ఆలోచనను తోటి వైద్యుడు, చిత్రకారుడు హెన్రీ వాండైక్ కార్టర్ ముందు పెట్టారు. ఇద్దరూ కలిసి దాదాపు ఏడాదిన్నర శవాలను కోసి పరిశీలించారు. గ్రే రాశారు, కార్టర్ గీశారు. అప్పటి చాలా పుస్తకాల్లో బొమ్మ మీద అంకెలుండేవి, పేర్లు వేరే చోట వెతుక్కోవాల్సి వచ్చేది. కార్టర్ మాత్రం కండరం మీదే దాని పేరు, నాడి పొడవునా నాడి పేరు రాశారు. చూపు బొమ్మ మీంచి కదలనక్కర్లేదు. 363 బొమ్మలతో, 750 పేజీలతో 1858లో వెలువడిన ఆ పుస్తకం వెంటనే విద్యార్థుల మనసు దోచుకుంది.

అయితే ఈ కథలో ఓ చేదు కూడా ఉంది. తొలి పేజీలో కార్టర్ పేరును చిన్న అక్షరాల్లో వేయించింది గ్రేనే. రాయల్టీ కూడా గ్రేకే దక్కింది. కార్టర్‌కు ఒకేసారి 150 పౌండ్లు ఇచ్చి సరిపెట్టారు. ఆయన అదే ఏడాది ఓడెక్కి బొంబాయి చేరారు. గ్రాంట్ మెడికల్ కాలేజీలో అనాటమీ బోధిస్తూ, కుష్ఠు వంటి జబ్బులపై ఏళ్ల తరబడి పరిశోధించారు.

గ్రే మాత్రం తన పుస్తకం రెండో ముద్రణ వరకే చూడగలిగారు. మశూచి సోకిన సోదరుడి కొడుక్కి సేవ చేస్తూ తానూ ఆ జబ్బున పడ్డారు. పిల్లవాడు కోలుకున్నాడు. గ్రే 1861 జూన్‌లో కన్నుమూశారు.

ఆ పుస్తకం వెనక పేరు లేనివాళ్లూ ఉన్నారు. 1832 నాటి ఇంగ్లండ్ చట్టం ప్రకారం అనాటమీ గదులకు చేరినవి ఎక్కువగా ఎవరూ అడగని పేదల శవాలే. ఇప్పుడు మన దగ్గర ఇష్టపూర్వకంగా దేహదానం చేసేవాళ్లున్నారు. ఈసారి మీ మోకాలిని సరిచేసే వేళ్లను చూసినప్పుడు వాళ్లనూ ఓసారి తలచుకోండి.